‘ఫిక్స్ అయింది’ అనే ముందు

మా ఇంట్లో 1999 మోడల్ మారుతి జిప్సీ కింగ్ ఒకటి ఉంది. వయసులో నాకంటే పెద్దది. నేను మూడో క్లాసులో ఉన్నప్పుడు నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. అమ్మ దాన్ని ‘మీ నాన్న పెద్దకొడుకు’ అంటుంది. కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో రెండు ఎలక్ట్రిక్ కార్ల మధ్య నిలబడి ఉంటే, పెళ్ళికి పొలం బట్టల్లోనే వచ్చేసిన పెదనాన్నలా ఉంటుంది.

ఆ బండి స్టీరింగ్ నాలుగు నెలలు కొట్టుకుంది. ఆ నాలుగు నెలల్లో నేను చేసిన ఒక తప్పు గురించి ఈ వ్యాసం. సీఎస్ఈ వాళ్ళు ‘మనకెందుకు ఈ మెకానికల్ గోల’ అని పేజీ మార్చకండి. ఆ తప్పు మనం రోజూ ల్యాబ్‌లో చేసేదే. బండిలో చేస్తే దాని ఖరీదు వేరు, అంతే. నాది చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియం, కాబట్టి తెలుగులో ఎక్కడైనా తడబడితే క్లబ్ సీనియర్లు సర్దుకుపోవాలి.

జూలైలో మొదలైంది. నానకరామ్‌గూడ దగ్గర ఓఆర్ఆర్ సర్వీస్ రోడ్డు మీద 60లో వెళ్తుంటే ఒక ప్యాచ్ తగిలింది. అంతే, స్టీరింగ్ చేతుల్లో కుడికీ ఎడమకీ టకటకా కొట్టుకోవడం మొదలైంది. మామూలు వైబ్రేషన్ అయితే చేతికి గిలిగింతలా ఉంటుంది. ఇది ఎవరో అవతలి నుంచి స్టీరింగ్ లాక్కుంటున్నట్టు ఉంది. స్పీడ్ 40 కిందికి తగ్గించాక ఆగిపోయింది. మళ్ళీ 60కి వెళ్తే ఏమీ లేదు. ఇంకో ప్యాచ్ తగిలితే మళ్ళీ అదే.

మా కాలనీ దగ్గర షాపులో వీల్ బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించాం. రిమ్ములకు సీసం ముక్కలు అంటించారు, కంప్యూటర్ ప్రింటవుట్ ఇచ్చారు. మామూలు రోడ్డు మీద బండి నిజంగానే కొంచెం సాఫీగా పోయింది. గుంత తగిలితే మాత్రం మళ్ళీ అదే ఊగుడు.

అప్పుడు నేను రంగంలోకి దిగాను. రెండు రాత్రులు వీడియోలు చూసి ‘స్టీరింగ్ డ్యాంపర్ పోయింది’ అని తేల్చేశాను. డ్యాంపర్ అంటే షాక్ అబ్జార్బర్ లాంటిదే. స్టీరింగ్ రాడ్డుకి అడ్డంగా బిగిస్తారు. రాడ్డు వేగంగా కదలకుండా పట్టి ఆపుతుంది. ఒక హ్యాకథాన్‌లో వచ్చిన డబ్బులతో కొత్తది కొన్నాను. రెండు పానాలతో అరగంటలో నేనే బిగించాను. అదే సర్వీస్ రోడ్డు, అదే ప్యాచ్, 60 స్పీడ్. స్టీరింగ్ కదల్లేదు. ఇంటికొచ్చి, చేతులకున్న గ్రీజు కూడా కడుక్కోకుండా, “ఫిక్స్ అయింది నాన్నా” అన్నాను. ఆ రోజు నాకు నేనే పెద్ద ఇంజనీర్‌లా అనిపించాను.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం ఊరికి బయల్దేరాం. నాన్న డ్రైవింగ్, పక్కన అమ్మ, వెనక నేనూ నానమ్మా. అప్పా జంక్షన్ దాటి, మొయినాబాద్ మీదుగా చేవెళ్ళ వైపు. ఆ రోడ్డు మీలో చాలామందికి తెలుసు, అనంతగిరి ట్రిప్పులకి అందరం అలాగే వెళ్తాం. రెండు పక్కలా పాత మర్రిచెట్లు. ఫొటోల్లో చాలా బాగుంటాయి. కానీ వాటి మొదళ్ళు రోడ్డు అంచు దాకా ఉంటాయి. పక్కకి జరగాలంటే చాలాచోట్ల జాగా ఉండదు.

ఒక గుంత తగిలింది. ఈసారి స్టీరింగ్ ఒక్కటే కాదు, బండి ముందు భాగం మొత్తం ఊగింది. ఎదురుగా లారీ, ఎడమ పక్క చెట్టు. నాన్న సడెన్ బ్రేక్ వేయలేదు. యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి, స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకుని, దానితో కొట్లాడకుండా నిలబెట్టారు. స్పీడ్ పడిపోయింది, లారీ దాటిపోయింది, రెండు చెట్ల మధ్య మట్టిలోకి దింపి ఆపారు. ఎవరికీ ఏమీ కాలేదు. నానమ్మ “బండికి చలి పెట్టిందారా?” అంది. ఎవరం నవ్వలేదు.

నాన్న నన్ను తిట్టలేదు. కిందికి దిగి ముందు టైర్లు చూసి, ఒక్క ప్రశ్న అడిగారు: “అసలు ఏం పాడైందో నీకు తెలుసా?”

నాకు తెలీదు. ఏం బిగించానో తెలుసు, ఏం పాడైందో తెలీదు. తెలీకుండానే ‘ఫిక్స్ అయింది’ అని చెప్పాను. ఆ మాట నమ్మి ఆయన ముగ్గురిని ఎక్కించుకుని 60లో నడిపారు.

నేను డ్యాంపర్‌తో చేసింది ఏంటంటే, కోడ్ క్రాష్ అవుతుంటే చుట్టూ ట్రై-క్యాచ్ పెట్టి, క్యాచ్ బ్లాక్ ఖాళీగా వదిలేయడం. ఎర్రర్ కనిపించడం ఆగింది. ఎర్రర్ ఆగలేదు. లోపల అరిగేది అరుగుతూనే ఉంది, మాకు కనపడకుండా. మూడు వారాల ముందు స్టీరింగ్ ఇచ్చిన వార్నింగ్‌ని నేను మ్యూట్ చేశానన్నమాట.

ఆ తర్వాత మొదటిసారి కూర్చుని సరిగ్గా ఆలోచించాను. నాకు అర్థమైంది ఇది: పైకి ఒకేలా కనిపించే రెండు వేర్వేరు జబ్బులు ఉంటాయి.

మొదటిది, తిరిగే వస్తువు ఒకటి సమతూకంలో లేకపోవడం. టైరులో ఒక పక్క బరువెక్కువుంటే ప్రతి చుట్టుకీ ఒక దెబ్బ కొడుతుంది. స్పీడ్ పెరిగితే సెకనుకి పడే దెబ్బలూ పెరుగుతాయి. దీని లెక్క మనం వేయొచ్చు. మా బండి టైరు 215/75 ఆర్15, అంటే చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. గంటకి 40 కి.మీ.లో సెకనుకి 5 చుట్లు, 50లో 6.3, 60లో 7.5. ఇంజన్ నుంచి యాక్సిల్‌కి వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ మా బండిలో చక్రం కంటే సుమారు నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది. అంటే అక్కడ క్రాస్ అరిగి ఉంటే 60లో సెకనుకి 30 దాకా దెబ్బలు వస్తాయి. అది కొట్టుకున్నట్టు ఉండదు, జుమ్మని మోగినట్టు ఉంటుంది.

రెండోది వేరే కథ. సూపర్ మార్కెట్ ట్రాలీ తోసేటప్పుడు ముందు చక్రం ఒకటి పిచ్చిపట్టినట్టు అటూ ఇటూ ఊగడం అందరం చూసే ఉంటాం. ఆ చక్రానికి బ్యాలెన్సింగ్ సమస్య లేదు. దాన్ని పట్టుకునే చోట లూజు ఉంది. బయటి నుంచి ఎవరూ పనిగట్టుకుని ఊపక్కర్లేదు. ఒక చిన్న కుదుపు చాలు, ఆ తర్వాత ముందుకి వెళ్ళే శక్తిలోంచే కొంత తీసుకుని తనంతట తాను ఊగుతూ ఉంటుంది. జిప్సీ లాంటి పాత బండ్లలో ముందు యాక్సిల్ ఒకే గట్టి కడ్డీ. రెండు చక్రాలూ ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి. ఒకటి ఊగితే రెండోదాన్నీ లాగుతుంది. ఈ ఊగుడు లయ స్పీడ్‌తో పాటు మారదు, దాని సొంత లయ దానికుంటుంది.

ఈ తేడా పట్టుకోవడానికి మన ఫోన్ చాలు. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది. ఫోన్‌లోని యాక్సెలరోమీటర్ రీడింగ్స్‌ని తీసుకుని ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత వైబ్రేషన్ ఉందో గ్రాఫ్ గీస్తుంది. సిగ్నల్స్ క్లాసులో ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ ఎందుకు చెప్తున్నారో నాకు ఆ రోజు తెలిసింది. ఆదివారం పొద్దున ఆరింటికి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు రోడ్లు ఖాళీగా ఉంటాయి. ఫోన్‌ని డ్యాష్‌బోర్డుకి టేపుతో అంటించాను. నాన్న నడిపారు, 50 దాటలేదు.

గ్రాఫ్‌లో రెండు శిఖరాలు కనిపించాయి. ఒకటి చిన్నది, స్పీడ్‌తో పాటు జరుగుతోంది: 40లో 5 హెర్ట్జ్, 50లో 6 పైన. అది టైర్లది. రెండోది గుంత తగిలాక మాత్రమే లేచేది. అది 7 హెర్ట్జ్ దగ్గర పాతేసినట్టు ఉంది. బండి 50 నుంచి 42కి తగ్గుతున్నా అది 7 దగ్గరే ఉండి, ఉన్నట్టుండి చచ్చిపోయింది. అంటే మాకు రెండు బగ్‌లు. బ్యాలెన్సింగ్ మొదటిదాన్ని తగ్గించింది. రెండోది అలాగే ఉంది. ఇంకో విషయం, 55 కి.మీ. దగ్గర చక్రం లయ కూడా సుమారు 7 అవుతుంది. రెండూ కలిసే చోటు అది. ఊగుడు 60 దగ్గరే ఎందుకు భయపెట్టేదో అప్పుడు అర్థమైంది.

ఇక్కడితో ఆపేస్తే ‘ఫోన్‌తో జీప్ రిపేర్ చేసిన సీఎస్ఈ కుర్రాడు’ అని మంచి పోస్ట్ అయ్యేది. కానీ నిజం చెప్పాలి. ఎక్కడో లూజు ఉందని గ్రాఫ్ చెప్పింది. ఎక్కడో చెప్పలేదు. అది చెప్పింది మాదాపూర్ పాత ఊరి సందులో షెడ్డు పెట్టుకున్న ఒక ఉస్తాద్. 1998లో సైబర్ టవర్స్ మొదలుకాక ముందు నుంచీ ఆయన అక్కడే ఉన్నారు.

ఆయన బండిని ముట్టుకునే ముందు మూడు ప్రశ్నలు అడిగారు. ఏ స్పీడ్‌లో వస్తది? దేని తర్వాత వస్తది? ఇది మొదలయ్యే ముందు బండికి ఏం మార్చిన్రు? మూడో ప్రశ్నకి నాన్న కొంచెం ఆలోచించి, కిందటేడు వెడల్పు టైర్లు వేయించిన సంగతీ, వానాకాలంలో బురద నీళ్ళలో దింపిన సంగతీ చెప్పారు. నాకు సిగ్గేసింది. బగ్ రాగానే చివరి కమిట్ ఏంటో చూడమని మనకి మొదటి సంవత్సరంలోనే చెప్తారు. నేను నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా నాన్నని ఆ ప్రశ్న అడగలేదు.

తర్వాత ఆయన చేసిన మొదటి పని నా కొత్త డ్యాంపర్ విప్పేయడం. “జ్వరమొస్తే దుప్పటి కప్పినవ్ బేటా. దుప్పటి మంచిదే. జ్వరం ఎందుకొచ్చిందో చూడాలె గదా?”

ఆయన వెళ్ళిన వరస చెప్తాను, ఎందుకంటే ఇందులో ముందు చేసేవన్నీ పైసా ఖర్చు లేనివి. మొదట వీల్ నట్లు. తర్వాత గాలి. తర్వాత టైరు మీద ఉబ్బు, రిమ్ము లోపల ఎండిన బురద. ఆఫ్-రోడ్‌కి వెళ్ళొచ్చిన బండి వణికితే చాలాసార్లు ఆ బురద గడ్డే కారణమట, నీళ్ళ పైపుతో పోతుంది. తర్వాత బండిని నేల మీదే ఉంచి, నన్ను స్టీరింగ్ అటూ ఇటూ కొంచెం కొంచెం కదపమన్నారు. ఆయన కింద పడుకుని టై రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింక్ ఒక్కొక్కదాని మీద చెయ్యి వేశారు. కీలు లూజుంటే ఒక పక్క కదిలాక రెండో పక్క ఆలస్యంగా కదులుతుంది, చేతికి ‘టక్’మని తెలుస్తుంది. అవన్నీ బాగున్నాయి. కమాన్ పట్టాల బుష్‌లు పాతవే గానీ పనికొస్తాయన్నారు.

అప్పుడు జాకీ పెట్టారు. చక్రాన్ని గడియారం అనుకుంటే 9, 3 దగ్గర పట్టుకుని ఊపారు. ఏమీ లేదు. 12, 6 దగ్గర పట్టుకుని ఊపారు. కుడి చక్రం కదిలింది. ఇక్కడే నాకు బాగా నచ్చిన సంగతి. ఆ కదలిక రెండు చోట్ల నుంచి రావచ్చు: వీల్ బేరింగ్ లేదా కింగ్‌పిన్ బేరింగ్. ఎలా విడదీయాలి? నన్ను బ్రేక్ గట్టిగా తొక్కమన్నారు. బ్రేక్ పడితే చక్రమూ దాని వెనక భాగమూ ఒకటై బిగుసుకుంటాయి. అప్పుడు కదలిక ఆగితే వీల్ బేరింగ్, ఆగకపోతే కింగ్‌పిన్. ఆగలేదు. ఒక్క పార్ట్ విప్పకుండా, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా, ఒక్క టెస్ట్‌తో రెండు అనుమానాల్లో ఒకటి కొట్టేశారు. ఇంత శుభ్రమైన టెస్ట్ కేస్ నేను ఇంతవరకు రాయలేదు.

విప్పితే కనిపించింది. సీల్ చిరిగి లోపలికి నీళ్ళు వెళ్ళాయి, గ్రీజు బురదలా అయింది. బేరింగ్ కూర్చునే రింగు మీద వరసగా సన్నటి గాట్లు. కింగ్‌పిన్ బేరింగ్ చక్రంలా గిరగిరా తిరగదు, స్టీరింగ్ తిప్పినప్పుడు అటూ ఇటూ కొంచెం జరుగుతుంది, అంతే. అందుకే దెబ్బలన్నీ పడిన చోటే పడి గాట్లు లోతవుతాయి. వెడల్పు టైర్లు ఆ భారాన్ని ఇంకా పెంచాయి. రాణిగంజ్ నుంచి బేరింగ్‌లు, సీళ్ళు తెచ్చాం. బిగింపు సరిపోయిందో లేదో చూడటానికి ఆయన వాడింది పాతపేపర్ల వాళ్ళ దగ్గర ఉండే కొక్కెం కాటా. కాటాని టై రాడ్ బిగించే రంధ్రానికి తగిలించి లాగి, అది కదలడం మొదలయ్యేటప్పుడు ఎంత చూపిస్తుందో చూసి, పలచటి షిమ్ రేకులు తీస్తూ పెడుతూ మాన్యువల్‌లో ఉన్న అంకెకి తెచ్చారు. అంతా అయ్యాక డ్యాంపర్ మళ్ళీ బిగించారు.

చివర్లో డ్యాంపర్ మళ్ళీ ఎందుకు? కంపెనీ ఊరికే ఇవ్వలేదు కదా, దాని పని దానికుంది. నేను డ్యాంపర్లకి వ్యతిరేకం కాదు. లండన్‌లో మిలీనియం బ్రిడ్జ్ 2000 జూన్‌లో తెరిస్తే, జనం నడకకి పక్కలకి ఊగుతోందని రెండు రోజులకే మూసేశారు. 2002లో మళ్ళీ తెరిచినప్పుడు దానికి పెట్టింది డ్యాంపర్లే. కానీ పెట్టే ముందు ఊగుడు ఎందుకొస్తోందో పరిశోధించారు. వంతెన ఊగుతుంటే జనం తెలీకుండానే దానికి తగ్గట్టు అడుగులు వేస్తున్నారని, ఆ అడుగులే ఊగుడుని ఇంకా పెంచుతున్నాయని తేల్చుకున్నారు. ఆ తర్వాతే డ్యాంపర్లు వేశారు. వస్తువు అదే, నేను వేసిందీ అదే. వాళ్ళకి ఎందుకు వేస్తున్నారో తెలుసు. నాకు తెలీదు.

కొంతమంది ఫ్రెండ్స్ అన్నారు, ‘ఇరవై ఏళ్ళు దాటిన బండి మీద ఇంత రిసెర్చ్ ఎందుకురా, అమ్మేయొచ్చుగా’ అని. అమ్మొచ్చు. 15 ఏళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చూపించి ఆర్‌సీ రెన్యూ చేయించాలి, అది కూడా తలనొప్పే. కానీ ఊగుడు ఎందుకొస్తోందో తెలుసుకోకుండా అమ్మితే ఇంకొకరి నానమ్మ ఆ వెనక సీట్లో కూర్చుంటుంది. అది కూడా ఒక రకం ఖాళీ క్యాచ్ బ్లాకే.

నా అభిప్రాయం ఇది. పార్ట్ మార్చడం, కోడ్ మార్చడం చేతిపని, కారణం కనిపెట్టడం ఇంజనీరింగ్. మన చదువులో మొదటిదానికి మార్కులున్నాయి, రెండోదానికి లేవు. ల్యాబ్ ఎగ్జామ్‌లో అవుట్‌పుట్ వస్తే చాలు, ఎలా వచ్చిందని ఎవరూ అడగరు. ఎర్రర్‌ని కాపీ చేసి ఏఐకి ఇస్తాం, అది ఇచ్చింది పేస్ట్ చేస్తాం, ఎర్ర గీత పోతే ‘సెట్ అయింది మామా’ అంటాం. రేపు మనలో చాలామంది ఇదే కారిడార్‌లో రాయదుర్గంలోనో గచ్చిబౌలిలోనో కూర్చుని హాస్పిటల్‌కో బ్యాంకుకో కోడ్ రాస్తాం. అక్కడ కూడా మన ‘ఫిక్స్ అయింది’ అనే మాట నమ్మి ఎవరో ఎవరినో ఎక్కించుకుని బయల్దేరతారు. వాళ్ళు మనకి కనిపించరు కూడా.

అందుకే నేను ఒక చిన్న రూల్ పెట్టుకున్నాను. ప్రాజెక్టులో ఏ బగ్ క్లోజ్ చేసినా కింద రెండు లైన్లు రాస్తున్నాను: కారణం ఏంటి, అదే కారణమని నాకెలా తెలుసు. రెండో లైన్ రాయలేకపోతే ‘ఫిక్స్ అయింది’ అని రాయను, ‘ప్రస్తుతానికి కనిపించట్లేదు’ అని రాస్తాను. టీమ్‌లో నన్ను ఆటపట్టిస్తున్నారు. పర్వాలేదు. మన ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ రిపోర్టుల్లో కూడా ఈ రెండు లైన్లు ఉండాలని నా కోరిక. ఒక రోజు ఆ ఉస్తాద్‌ని గెస్ట్ లెక్చర్‌కి పిలవాలని ఇంకో కోరిక. పీపీటీ అక్కర్లేదు, ఒక జాకీ ఇస్తే చాలు.

బేరింగ్‌లు మార్చాక మళ్ళీ ఆదివారం పొద్దున్నే అదే రోడ్డుకి వెళ్ళాం. ఫోన్ అంటించాను. 7 హెర్ట్జ్ దగ్గర ఏమీ లేవలేదు. టైర్ల చిన్న శిఖరం ఇంకా కొంచెం ఉంది, దానికి మళ్ళీ బ్యాలెన్సింగ్ చేయించాలి. ఇంటికొచ్చాక నాన్న అడిగారు, “ఏమంటావ్ రా, ఫిక్స్ అయిందా?” అని. కుడి కింగ్‌పిన్ బేరింగ్, సీల్ చిరిగి నీళ్ళు వెళ్ళడం వల్ల, బ్రేక్ తొక్కి చూస్తే తేలింది, అన్నీ వరసగా చెప్పాను. ఎడమ పక్కది కూడా మార్చాం, వెయ్యి కి.మీ. తర్వాత రెండూ మళ్ళీ జాకీ పెట్టి చూడాలి అన్నాను.

ఆయన తాళాలు నా చేతిలో పెట్టి, “అయితే వచ్చే ఆదివారం నువ్వే నడుపు, నానమ్మని తీసుకొద్దాం” అన్నారు.